వైరు పీకిన వదిన

చక్కగా పరుగెడుతున్న కంప్యూటరును మా వదిన మళ్ళీ నత్తనడకకు తెచ్చిన రోజున బ్లడ్ బ్యాంకులో అందరూ నన్నే గుర్రుగా చూశారు. ఆవిడను ఏమీ అనలేక కాదు, ఆవిడ ఎదురుగా లేదు కనుక. సర్వరు గది మా కౌంటరు గోడకు అవతల ఉంటుంది. తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. నేనేమో కిటికీ ముందు కూర్చుంటాను, కిటికీ అవతల జనం. ఇంకేం, అక్షింతలన్నీ నాకే.

"మీ వదినే కదమ్మా, ఒక మాట చెప్పకూడదా?" అన్నాడు వార్డు నుంచి చీటీ తెచ్చిన ఒకాయన. అప్పటికి ఆయన కాళ్ళు మార్చి మార్చి నిలబడి చాలాసేపయింది.

"చెప్తే వినే వదినైతే మా ఇల్లు ఎప్పుడో బాగుపడేది" అన్నాను.

నాకు ముక్కు మీదే కోపం. ఆస్పత్రిలో నన్ను మిరపకాయ అంటారని తెలుసు, వినపడనట్టు ఊరుకుంటాను. వదినకు నేను పెట్టిన పేరు నిదానం. ఆవిడ మా అన్నయ్య భార్య. ఒకే ఇంట్లో కింద వాళ్ళు, పైన మేము, వంటిల్లు మాత్రం ఇద్దరికీ ఒకటే. వంటింట్లో రోజూ మొహమొహాలు చూసుకునేది చాలదన్నట్టు ఆవిడ ఒక బీమా ఆఫీసులో ఉద్యోగం మానేసి మా ఆస్పత్రిలోనే డేటాబేసు చూసుకునే పనిలో చేరింది. చేరిన మొదటి రోజు మా వాళ్ళందరూ నాకు శుభాకాంక్షలు చెప్పారు. కొందరు నవ్వు ఆపుకుంటూ చెప్పారు.

మా పని చెప్పుకోవడానికి చిన్నదే. వార్డు నుంచి చీటీ వస్తుంది. నేను ఫ్రిజ్‌లోంచి ఆ గ్రూపు రక్తం సంచి తీసి, దాని మీది గీతల చీటీని ఎర్ర లైటు కింద పెడతాను. కంప్యూటరు ఆ సంచి పుట్టుపూర్వోత్తరాలన్నీ వెతికి, పచ్చ అక్షరాల్లో 'ఇవ్వవచ్చు' అంటుంది, లేదా ఎర్ర అక్షరాల్లో 'ఆపాలి' అంటుంది. పరీక్షలు నెగ్గిన సంచులే కదా ఫ్రిజ్‌లో ఉంటాయి, ఎర్ర అక్షరాలతో పనేమిటని కొత్తగా చేరినవాళ్ళు అడుగుతారు. పని ఉంది. రక్తం ఇచ్చి వెళ్ళిన మనిషి మర్నాడు ఫోన్ చేసి, "నాకు జ్వరంగా ఉందండీ, చెప్తే మంచిదని చెప్తున్నా" అంటాడు. మా పై అంతస్తులో ఉండే ల్యాబ్ అక్క వెంటనే తన కంప్యూటరులో ఆ సంచి మీద 'ఆపాలి' అని నొక్కుతుంది. మనిషి వచ్చి ఆ సంచిని ఫ్రిజ్‌లోంచి తీసి పక్కన పెట్టేది ఆ తర్వాతెప్పుడో. ఈలోగా ఆ సంచికీ రోగికీ మధ్య అడ్డం నిలబడేవి ఆ ఎర్ర అక్షరాలే.

ఆ అక్షరాలు రావడానికి ఒకప్పుడు పెద్దగా సమయం పట్టేది కాదు. పోనుపోను పట్టసాగింది. సంచి లైటు కింద పెట్టి, స్క్రీను మీద గుండ్రంగా తిరిగే గుర్తును చూస్తూ కూర్చునేదాన్ని. పొద్దున పూట, నాలుగు కౌంటర్లూ పని చేసేటప్పుడు, మరీ దారుణం. అప్పుడు సూపరింటెండెంట్ గారు కంప్యూటర్లు అమ్మిన కంపెనీ ఇంజనీరును పిలిపించారు. వదిన అప్పుడు ఏదో శిక్షణకని వేరే ఊరు వెళ్ళి ఉంది.

ఇంజనీరు మంచివాడే. నవ్వుతూ వచ్చాడు, నవ్వుతూ కూర్చున్నాడు. మొదట సర్వరులోని మెమరీ దాదాపు అంతా డేటాబేసుకే కట్టబెట్టాడు. "ఎంత ఎక్కువిస్తే అంత వేగం మేడమ్" అన్నాడు. మర్నాడు పొద్దున క్యూ మెట్ల దాకా పోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆయన నవ్వు కాస్త తగ్గింది, మళ్ళీ కూర్చుని సెట్టింగుల్లో ఇంకేదో ఒక్క మాట మార్చాడు. అంతే. గుండ్రటి గుర్తు కనిపించడమే మానేసింది. సంచి లైటు కిందకు చేరీ చేరకముందే పచ్చ అక్షరాలు. ఆ ఇంజనీరుకు నా డబ్బాలోంచి సగం భోజనం పెట్టాను. మా ఆయనకు కూడా నేను అంత మనసారా ఎప్పుడూ పెట్టలేదు.

ఆ సుఖం వదిన తిరిగి వచ్చేదాకానే. వచ్చిన పూటే సర్వరు గదిలోకి వెళ్ళింది, ఇంజనీరు చివరగా మార్చిన ఆ ఒక్క మాటను తీసేసింది, తలుపు వేసుకుంది. మా కౌంటర్లో గుండ్రటి గుర్తు మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం వంటింట్లో నేను కత్తిపీట కంటే పదునుగా ఉన్నాను.

"ఎవరో బాగుచేసింది నువ్వెందుకు పాడుచేయాలి వదినా? మంచి పేరు నీకు రాలేదనా?"

"పాడు చెయ్యలేదు అమ్మాయ్. అబద్ధం చెప్తుంటే నోరు మూయించాను."

"ఎవరు చెప్తున్నారు అబద్ధం?"

"డేటాబేసు. ల్యాబ్ అక్క 'ఆపాలి' అని నొక్కగానే 'సరే, రాసుకున్నాను' అంటోంది. రాసుకోవడం లేదు. డిస్కు మీద పడిందో లేదో చూడకుండానే సరే అనమని చెప్పి వెళ్ళాడాయన. తర్వాత తీరిగ్గా రాస్తుంది. ఈలోగా కరెంటు పోయిందనుకో..."

"మనకి జనరేటర్ ఉంది. సర్వరు గదిలో బ్యాటరీ పెట్టె ఉంది."

"ఉన్నాయి" అంది, కూరగాయలు తరుగుతూ. మా వదినతో పోట్లాటలో ఉన్న కష్టం ఇదే. ఆవిడ గొంతు పెంచదు. నేను ఒక్కదాన్నే అరిచినట్టు ఉంటుంది, మా అన్నయ్య వచ్చి నన్నే మందలిస్తాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకమని పైకే అని, విసురుగా మేడెక్కాను.

మర్నాడు సూపరింటెండెంట్ గారి గదిలో పంచాయితీ. ఆయన పెద్ద డాక్టరు, మాట తక్కువ. ఒక పక్క ఇంజనీరు, ఒక పక్క వదిన, మధ్యలో ఫిర్యాదు చేసిన నేను.

"బ్యాటరీ పెట్టె కొత్తది వేయిద్దాం సార్. అప్పుడు నా సెట్టింగు పెట్టుకోవచ్చు. ఆవిడ చెప్పేది పుస్తకాల్లో ఉండే భయం" అన్నాడు ఇంజనీరు. వెటకారంగా అనలేదు, నిజంగానే అలా అనుకుంటున్నాడు.

"పుస్తకం పక్కన పెట్టండి. చేసి చూపిస్తాను" అంది వదిన.

మూల పడి ఉన్న అదే రకం పాత సర్వరును తెచ్చి బల్ల మీద పెట్టించింది. దాని మీద మా డేటాబేసు నకలు వేసింది, ఇంజనీరు పెట్టిన సెట్టింగులే ఆయన చేతే పెట్టించింది. నన్ను పిలిచి, "ఒక సంచి మీద 'ఆపాలి' అని నొక్కు అమ్మాయ్" అంది. నొక్కాను. స్క్రీను వెంటనే 'సరే' అంది. వదిన సూపరింటెండెంట్ గారి వైపు తిరిగి, ఇప్పుడు ఏం జరగబోతోందో వివరంగా చెప్పి, అప్పుడు వంగి గోడలోంచి వైరు పీకేసింది. సర్వరు నీరసంగా మూలిగి ఆగిపోయింది. మళ్ళీ వైరు పెట్టి, అది లేచేదాకా అందరం గోడలు చూస్తూ కూర్చున్నాం. లేచింది. నేను సంచి వెతికాను. ఎర్రగా 'ఆపాలి' అని ఉంది. ఏమీ పోలేదు.

ఇంజనీరు పెదవి బిగబట్టి నవ్వు ఆపుకున్నాడు. నాకు ఎందుకో నవ్వు రాలేదు. ఎంత పోట్లాడినా మా ఇంటి మనిషి. నలుగురిలో తలవంపులయిందే అని నా ప్రాణం ఉసూరుమంది.

వదిన మాత్రం తల గోక్కుని, "నాదే తప్పు. ఉపన్యాసం ఇస్తూ నిలబడ్డాను. ఈలోపు అది తీరిగ్గా రాసేసుకుంది. ఇంకోసారి" అంది.

ఈసారి ఆవిడ ముందే వంగి వైరు పట్టుకుంది. నేను ఇంకో సంచి మీద నొక్కాను. 'సరే' అని అక్షరాలు వచ్చాయి. "వచ్చింది" అన్నాను. నా మాట పూర్తి కాకముందే వైరు ఆవిడ చేతిలో ఉంది.

సర్వరు మళ్ళీ లేచాక ఆ సంచిని వెతికాను. పచ్చ అక్షరాలు. 'ఇవ్వవచ్చు'.

నేను కళ్ళు నలుపుకుని మళ్ళీ చూశాను. నా వేలితో నేనే ఆపిన సంచి. నా కళ్ళతో నేనే 'సరే' అని చదివాను. అది అసలు జరగనే లేదన్నట్టు ఆ కంప్యూటరు నా మొహం మీదే పచ్చగా చెబుతోంది. ఆ సుఖపడిన రోజులన్నిటిలో ఎన్ని సంచులు ఇచ్చానో వేళ్ళ మీద లెక్కపెట్టబోయి మానేశాను. ఆ రోజుల్లో కరెంటు పోలేదు. పోలేదు కాబట్టి సరిపోయింది.

"ప్రతిసారీ దొరికిపోతే అది అబద్ధం ఎందుకవుతుంది సార్" అంది వదిన నెమ్మదిగా.

సూపరింటెండెంట్ గారు లేచి వచ్చి ఆ పచ్చ అక్షరాలను రెండుసార్లు చదివారు. చివరికి, "నాకు అబద్ధం వద్దు. కానీ క్యూ కూడా వద్దమ్మా. అక్కడ నిలబడేవాళ్ళ వెనక మంచాల మీద మనుషులుంటారు. ఆలస్యమైనా ప్రాణం పోతుంది, అబద్ధమైనా పోతుంది. వచ్చే సోమవారం దాకా చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే కొత్త బ్యాటరీ పెట్టె కొని ఆయన సెట్టింగే పెట్టిస్తాను" అన్నారు. వదిన తలూపింది. "అలా పెట్టిస్తే ఆ 'సరే'కి పూచీగా నేను ఉండలేను సార్. ఇంకొకరిని చూసుకోండి" అంది. బెదిరింపుగా అనలేదు. వాన పడేలా ఉంది అన్నంత మామూలుగా అంది.

ఆ మర్నాడు వదిన సర్వరు గదిలోకి వెళ్ళలేదు. కుర్చీ తెచ్చుకుని నా పక్కన, కౌంటర్లో, పొద్దంతా కూర్చుంది. ఎవరేం అడుగుతున్నారు, నేను ఏ పేజీ తెరుస్తున్నాను, ఏది మళ్ళీ మళ్ళీ తెరుస్తున్నాను, అన్నీ చూసింది. ఒక్క ప్రశ్న వేయలేదు. పక్కన ఆడబిడ్డ ఉన్నా లేకున్నా ఒకటే. మధ్యాహ్నం భోజనాల దగ్గర నేనే ఉండబట్టలేక అడిగాను.

"ఏమిటి నువ్వు చూస్తున్నది?"

"మీకు ఎంత గట్టు కావాలో చూస్తున్నా."

"ఏ గట్టు?"

"మన వంటగది గట్టే అనుకో. మెమరీ అంటే అదే. డిస్కు సామాన్ల గది. నువ్వు అడిగినప్పుడల్లా సామాన్ల గదికి పరుగెత్తకుండా, రోజూ వాడే డబ్బాలు గట్టు మీద పెట్టుకుంటాం కదా. నాలుగు కౌంటర్ల వాళ్ళకీ పనికొచ్చేలా డేటాబేసు గట్టు మీద తనకంటూ పట్టుకునే చోటుని షేర్డ్ మెమరీ అంటారు. ఆ ఇంజనీరు గట్టంతా దానికే రాసిచ్చేశాడు."

"మంచిదేగా. ఎన్ని డబ్బాలైనా పెట్టుకోవచ్చు."

"సామాన్ల గదిలోంచి డబ్బా మోసుకొచ్చేది డేటాబేసు కాదు అమ్మాయ్, ఆపరేటింగ్ సిస్టం. అది తెచ్చిన డబ్బా ముందు తన వైపు దించుకుంటుంది, డిస్కు క్యాష్ అంటారు దాన్ని. అక్కడ్నుంచి డేటాబేసు అందుకుంటుంది. తెచ్చేవాడికి దించుకునే చోటు లేకపోతే?"

"నెత్తిన పెట్టుకోవాలి."

"పెట్టుకోలేక, గట్టు మీదున్న వాటినే మళ్ళీ సామాన్ల గదిలో పడేసి వస్తాడు. అవి కావాలంటే మళ్ళీ పరిగెడతాడు. మీ పొద్దుటి క్యూ అదే." ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళు నా వైపు తిప్పకుండానే అంది, "నువ్వు పొద్దున్నే గట్టంతా పరుచుకుని కూర్చుంటే నేను తరగడానికి నేల మీద కూలబడతాను చూడు, అచ్చం అలాగే."

తగలాల్సిన చోటే తగిలింది. అయినా కోపం రాలేదు. ఇంత పెద్ద విషయాన్ని నా కంచం పక్కన ఇంత తేలిగ్గా పెట్టిన మనిషిని చూస్తే ముచ్చటేసింది. ఆవిడ మా ఇంటికొచ్చి ఇన్నేళ్ళయింది. ఆవిడ పని ఏమిటని నేను ఒక్కసారైనా అడిగిన పాపాన పోలేదు.

ఆ పూట నుంచే వదిన డేటాబేసు చేతిలోని మెమరీని తగ్గించడం మొదలుపెట్టింది. ఒకేసారి అంతా మార్చదు. ఒక్కటి మారుస్తుంది, ఒక పూట చూస్తుంది, అప్పుడు ఇంకొకటి. ఒక పూట మరీ తగ్గించేసి కౌంటర్లో మా ప్రాణాలు తీసింది. నేను గోడ మీద దబదబా బాదితే బయటికొచ్చి, "ఎక్కువ తగ్గించానా? ఉప్పు లాంటిదిది, నోట్లో వేసుకుంటే గానీ తెలీదు" అని ఒప్పేసుకుంది. మొత్తం మెమరీలో పావు వంతు దగ్గర కుదిరింది. మిగతా ముప్పావు మోసుకొచ్చేవాడికే వదిలేసింది. ఇంజనీరు నోరు వెళ్ళబెట్టాడు. "తగ్గిస్తే పెరగడమేంటి మేడమ్?" అని ఆయనే కుర్చీ జరుపుకుని పక్కన కూర్చున్నాడు. మర్నాటి నుంచి ఆయన ఆవిడ వెనకే తిరుగుతూ అడిగి అడిగి రాసుకున్నాడు. నేర్చుకోవడానికి సిగ్గుపడని మనిషి అని ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

క్యూ సగం తగ్గింది. సగమే. సంచి వెతకడం చురుగ్గా ఉంది, కానీ ఏదైనా కొత్తగా రాయాలంటే, ముఖ్యంగా 'ఆపాలి' అని నొక్కితే, 'సరే' రావడానికి ఇంకా ఆయాసపడుతోంది. శుక్రవారం వచ్చేసింది. వదిన మొహం పీక్కుపోయింది. అన్నయ్య నా దగ్గరకొచ్చి, "దాన్నేమీ అనకే" అన్నాడు. "నేనేం అన్నాను? నాకే అన్నం సహించడం లేదు" అన్నాను. నిజమే చెప్పాను. సోమవారం ఆవిడ ఆ గది తాళాలు బల్ల మీద పెట్టేస్తే ఎలా అన్నదే నా బెంగ. ఆవిడ పోతే ఆ పచ్చ అక్షరాలను నేను ఏ ధైర్యంతో చూడాలి?

ఆ రోజే నన్ను సర్వరు గదిలోకి పిలిచింది. మిషను వెనక పక్కకు వంగి ఉంది. తీగల గుబురు వెనక కాషాయం రంగు లైటు ఒకటి మిణుకుమిణుకుమంటోంది.

"అమ్మాయ్, ఇది ఎప్పుడైనా కూసేదా?"

"ఎందుకు కూయదు? కీచుమని ఒకటే కూత. అబ్బో, పెద్ద గొడవైంది దాంతో. మా గోడ పక్కనే కదా వార్డుకి దారి. ఆ కూత వినపడగానే నర్సులు ఏ మంచం దగ్గర మిషను కూస్తోందో అని పరుగెత్తుకొచ్చేవాళ్ళు. ఒకావిడ పరుగులో జారి పడింది కూడా. నీకు ముందు పనిచేసినాయన ఏదో నొక్కి నోరు మూయించాడు. అందరం ఆయనకి టీ పోశాం."

వదిన నేల మీద కూర్చుండిపోయింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. కూత వినపడితే కుర్చీలోంచి లేవని ఆఫీసులు ఎన్నో ఉంటాయట. కూత వినపడితే పరుగెత్తే చోటు కాబట్టి మేం ఆ కూతనే ఆపుకున్నాం.

"డిస్కుల ముందు ఒక కార్డు ఉంటుంది" అని చెప్పింది. "రాయమన్నదాన్ని ముందు తన దగ్గర పెట్టుకుని, వెంటనే 'సరే' అంటుంది. అది అబద్ధం కాదు. ఎందుకంటే దానికి సొంతంగా చిన్న బ్యాటరీ ఉంటుంది. కరెంటు పోయినా ఆ బ్యాటరీ మీద గుర్తుపెట్టుకుని, వచ్చాక డిస్కు మీద రాస్తుంది. ఆ బ్యాటరీ చచ్చిపోయింది. చచ్చిపోయిందనే ఇది కూసింది. బ్యాటరీ లేదు కాబట్టి అప్పట్నుంచి నా దగ్గర పెట్టుకోను బాబోయ్ అని ప్రతి ముక్కా నేరుగా డిస్కు మీద రాసి, అప్పుడు 'సరే' అంటోంది. పాపం, నెమ్మదిగానైనా నిజమే చెప్పింది ఇన్నాళ్ళూ. మనమే దాన్ని తిట్టాం."

అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదిగా ఉంది ఆ బ్యాటరీ. ఇంజనీరు తన కంపెనీ సామాన్ల గదికి తనే వెళ్ళి కొత్తది పట్టుకొచ్చాడు. వదిన కార్డుకు దాన్ని తగిలించి, పాత సర్వరు మీద చేసిన వైరు పరీక్షను ఆదివారం జనం లేని వేళ అసలు సర్వరు మీదే చేసింది. నొక్కింది నేనే. ఎన్నిసార్లు పీకిందో గుర్తులేదు. నాకు నొక్కి నొక్కి వేలు నొప్పి పుట్టింది. ప్రతిసారీ ఎర్ర అక్షరాలు ఎర్రగానే లేచాయి. ఆఖరున కూతను కూడా తిరిగి పెట్టింది. మంచాల మిషన్ల కూతలా లేకుండా, గొంతు మార్చి పెట్టింది.

సోమవారం సూపరింటెండెంట్ గారు మా కౌంటరు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. చీటీ వచ్చింది, సంచి పెట్టాను, పచ్చ అక్షరాలు వచ్చాయి. ఇంకో చీటీ, ఇంకో సంచి. మెట్ల మీద ఎవరూ లేరు. ఆయన కాసేపు చూసి, "ఆవిడని తాళాలు తన దగ్గరే పెట్టుకోమనండి" అని వెళ్ళిపోయారు. ఆయన నోటి నుంచి అది పెద్ద ప్రశంస కిందే లెక్క.

ఆ సాయంత్రం ఇంట్లో గట్టు మీద సగం ఖాళీ చేసి తుడిచి పెట్టాను. వదిన చూసింది, చాకూ కూరగాయలూ తెచ్చి అక్కడ పెట్టుకుంది.

ఆ తర్వాత కొన్ని వారాలకు జరిగింది ఇది.

పొద్దున్నే కాన్పుల వార్డు నుంచి ఒక చీటీ వచ్చింది. అరుదైన గ్రూపు. ఫ్రిజ్‌లో ఆ గ్రూపువి రెండే సంచులున్నాయి. ముందరి సంచి తీసి పెట్టి చూశాను, పచ్చ అక్షరాలే. అవసరమైతే కబురు చేస్తామన్నారు కాబట్టి ఆ గర్భిణి పేరు మీద దాన్ని విడిగా ఒక అరలో పెట్టాను. మధ్యాహ్నం కాబోతుండగా కరెంటు పోయింది. జనరేటర్ గుర్రుమంది గానీ, సర్వరు గదిలోని ఆ పాత బ్యాటరీ పెట్టె ఆ మధ్య క్షణాన్ని మోయలేకపోయింది. గోడ అవతల సర్వరు మూలిగి ఆగడం నాకు వినిపించింది. మళ్ళీ లేచింది. అది లేస్తుండగానే కాన్పుల వార్డు నుంచి ఆ గర్భిణి భర్త పరుగున వచ్చాడు. చెప్పులు లేవు కాళ్ళకు.

"రక్తం పోతోందట మేడమ్, తొందరగా ఇమ్మన్నారు, తొందరగా..."

పొద్దున పెట్టిన సంచి తీసి లైటు కింద పెట్టాను. ఎర్రగా వచ్చింది. 'ఆపాలి'.

నాకు ఒళ్ళు మండింది. పొద్దున నా కళ్ళతో పచ్చగా చూసిన సంచి. కరెంటు పోయి వచ్చేసరికి ఈ మిషను పిచ్చెక్కి మాట్లాడుతోంది అనుకున్నాను. మళ్ళీ పెట్టాను. మళ్ళీ ఎరుపే. కిటికీ అవతల ఆ మనిషి రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. మిషను మాట కాదని ఇచ్చేయడానికి కౌంటరు ఇన్‌ఛార్జిగా నాకు ఒక అధికారం ఉంది, ఒక్కటి నొక్కితే చాలు. నా వేలు దాని మీదే ఉంది. పొద్దున పచ్చగా ఉందిగా, నేనే చూశానుగా.

అప్పుడు బల్ల కింద వంగి వైరు పట్టుకున్న మా వదిన గుర్తొచ్చింది. ఆ రోజు ఆపిన సంచి పచ్చగా లేచింది. ఈ రోజు పచ్చ సంచి ఎర్రగా లేచింది. పోయిన కరెంటు ఒక మాటను చెరిపేయగలదేమో గానీ, ఎవరూ చెప్పని మాటను పుట్టించలేదు. ఎవరో చెప్పారు. వేలు తీసేసి పైకి ఫోన్ చేశాను.

"అక్కా, ఈ సంచి నువ్వు ఆపావా?"

"ఆ, ఇప్పుడే. ఇచ్చినాయన ఫోన్ చేశాడు, ఒళ్ళంతా దద్దుర్లు, జ్వరమట. నొక్కాను, 'సరే' అంది, అనగానే లైట్లు పోయాయి. 'సరే' వచ్చిందిగా అని ఊరుకున్నా. ఎందుకు, పడలేదా?"

"పడింది" అన్నాను.

రెండో సంచి తీసి పెట్టాను. పచ్చగా వచ్చింది. ఆ మనిషి చేతిలో పెడుతూ, "పరుగెత్తు, కానీ పడిపోకు" అన్నాను. ఆయన వెళ్ళాక ఎర్ర సంచిని నేనే పట్టుకెళ్ళి విడి పెట్టెలో వేసి మూత పెట్టాను.

పొద్దు వాలుతుండగా ఆయన తిరిగొచ్చాడు. ఈసారి చెప్పులు ఉన్నాయి. ఆడపిల్ల పుట్టిందని, తల్లీ బిడ్డా క్షేమమని చెప్పి, కిటికీలోంచే నాకు వంగి దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణం నాది కాదు. జరిగింది చెప్పి ఆయనను భయపెట్టడం ఎందుకని, "ఆ పక్క గదిలో ఒకావిడ ఉంటుంది. నా మీద గౌరవం ఉంటే, ఇదే మాట ఆవిడకి కూడా చెప్పి వెళ్ళు" అన్నాను.

కాసేపటికి వదిన వచ్చింది. సర్వరు గది ఏసీ చలికి కప్పుకున్న శాలువా అలాగే ఉంది ఒంటి మీద.

"ఎవరో తలుపు తట్టి, పాప పుట్టిందండీ, ఇద్దరూ బాగున్నారు అని చెప్పి, దణ్ణం పెట్టి వెళ్ళాడు. ఎవరి తాలూకు మనిషి, అమ్మాయ్? నేనెవరో తెలుసా అతనికి?"

"తెలీదు" అన్నాను. కూర్చోబెట్టి అంతా చెప్పాను.

ఆవిడ మధ్యలో ఒక్కటే అడిగింది. "రెండోసారి పెట్టినా ఎరుపేనా?"

"ఎరుపే."

వదిన బల్ల అంచు పట్టుకుంది. "వైరు పీకేటప్పుడు ఎప్పుడు పీకుతున్నానో నాకు తెలుసమ్మాయ్" అంది. "ఇవాళ..." అని ఆగిపోయింది.

నాకు పొగడడం చేతకాదు. తిట్టినంత బాగా రాదు. అయినా చెప్పాను. "వదినా, నేను చూసినవాళ్ళందరిలోకీ గొప్ప మనిషివి నువ్వు. నువ్వు గోడ అవతల ఉన్నావనే నేనిక్కడ ధైర్యంగా కూర్చుంటున్నాను."

ఆవిడ కళ్ళు తుడుచుకుని కిటికీ వైపు చూపించింది. "ఎవరో నిలబడ్డారు, చూడు."

చీటీ అందుకున్నాను. సంచి తీసి లైటు కింద పెట్టాను. స్క్రీను పచ్చగా 'ఇవ్వవచ్చు' అంది. ఇచ్చాను.